మగ్గం, నేతగాడితో సహా

ప్రభుత్వ కార్యాలయంలోకి ఒక మనిషిని తెచ్చుకోవాలంటే తలప్రాణం తోకకొస్తుంది. అదే ఒక బీరువానో బల్లనో తెచ్చుకోవాలంటే నాలుగు సంతకాలు చాలు. ఈ ధర్మసూక్ష్మం తెలియక, జిల్లా హస్తకళల మ్యూజియంలో ఎడ్యుకేటర్‌గా పనిచేసే సువర్చల నాలుగేళ్లపాటు మనిషి కావాలనే అడుగుతూ కూర్చుంది.

ఎడ్యుకేటర్ అంటే, బడిపిల్లలు బస్సు దిగగానే వరసలో నిలబెట్టి, "ఇది కుండ, దీన్ని కుమ్మరి చేస్తాడు, ఇది చీర, దీన్ని నేతగాడు నేస్తాడు" అని చెప్పే మనిషి. పిల్లలు ఊరుకుంటారా? "ఎట్ల నేస్తడు టీచర్?" అని అడుగుతారు. సువర్చల చేతులు గాల్లో అటూ ఇటూ ఆడించి చూపించేది. ఎన్నాళ్లని గాల్లో నేస్తుంది పాపం! ఒక నేతగాణ్ని ఇప్పించండి మహాప్రభో అని ఏటా రాసేది, ఏటా "పోస్టు మంజూరు లేదు" అని తిరుగుటపాలో వచ్చేది.

ఆఫీసులో నరహరి అని సూపరింటెండెంట్ ఉన్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క ఫైలు కూడా తన మీదికి రానివ్వని ఘనుడు. ఆయన ఒకరోజు సోంపు నములుతూ ఆమెకు జ్ఞానోపదేశం చేశాడు.

"మనిషినడిగితే ఎందుకిస్తరమ్మా? మనిషంటే జీతం, సెలవులు, పింఛను. వస్తువునడుగు. మిక్సీ కొంటే జార్ దానెంబడే రాదా? గట్లనే."

సువర్చల ఇంటికెళ్లి ఆలోచించింది, మర్నాడు ఫారంలో "మగ్గం, నేతగాడితో సహా: ఒక సెట్టు" అని రాసి పంపింది. తొమ్మిది రోజుల్లో మంజూరైంది.

అలా రాపోలు కనకయ్య మ్యూజియానికి వచ్చాడు. బస్సులో అరగంట దూరంలో ఉన్న నేతగాళ్ల ఊరు ఆయనది. వయసు అరవై మూడు. విప్పిన మగ్గాన్ని ట్రాక్టరులో వేసి, కర్రలు జారకుండా పైన ఆయనే కూర్చుని వచ్చాడు. నరహరి పద్ధతి గల మనిషి కనుక, వచ్చిన సరుకుని దిగగానే రిజిస్టరులో ఎక్కించాడు. 412(అ) మగ్గం. 412(ఆ) నేతగాడు. ప్రతి వస్తువు మీదా దాని నంబరు పైకి కనపడని చోట రంగుతో రాయాలని రూలు. నరహరి చేతిలో బ్రష్షు పట్టుకుని కనకయ్య చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఎక్కడ రాయాలో తోచక, చివరికి చొక్కా రెండో గుండీకి ఒక చీటీ కట్టాడు.

"వచ్చిన నాటి స్థితి" అనే గడిని సువర్చలే నింపింది. అప్పుడు నవ్వుకుంటూనే నింపింది. మగ్గం మీద పదకొండు అంగుళాల బట్ట. నేతగాడు: ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, బరువు యాభై ఆరు కిలోలు, కళ్లు రెండు, పొర వస్తున్నవి.

రెండు నెలలు మ్యూజియానికి ప్రాణం వచ్చింది. కనకయ్య మగ్గం కింద తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని మగ్గం ఆడిస్తుంటే పిల్లలు తినుబండారాలు కూడా మర్చిపోయి చూసేవారు. నిలువు దారాలు పడుగు, అడ్డ దారాలు పేక, వీటి మధ్య ఉరికేది నాడె అని సువర్చల ఒక్కసారి చెబితే చాలు, మళ్లీ చెప్పనక్కరలేకపోయేది. అంతా బాగుంది. బాగుంది కనుకనే కొత్త డైరెక్టరు వచ్చాడు.

డాక్టర్ పరాంకుశం గారు వస్తు సంరక్షణలో మూడు వారాల శిక్షణ పొంది వచ్చినవారు. మూడేళ్లు చదివినవాడికైనా అనుమానాలుంటాయి గానీ మూడు వారాలవాడికి ఉండవు. "వస్తువు వచ్చినది వచ్చినట్లుండవలె" అని తన గది తలుపు మీద రాయించి, టేపు పట్టుకుని ఒక్కొక్క గది కొలుస్తూ మగ్గం దగ్గరికి వచ్చాడు.

"సువర్చల గారూ, సేకరణ నాటికి ఈ వస్తువుపై గల వస్త్రం పదకొండు అంగుళాలు. నేటి కొలత నాలుగు గజాల రెండు అంగుళాలు. ఈ పెరుగుదలకు బాధ్యులెవరు?"

"కనకయ్య గారు నేశారు సార్."

"ఎవరి అనుమతితో?"

"మగ్గం కదా సార్. నేస్తే పెరుగుతుంది."

"రేపు మన దగ్గరున్న విగ్రహానికి ఇంకో చెయ్యి మొలిచిందనుకోండి. విగ్రహం కదా, పెరుగుతుందంటారా?"

పెరిగినదాన్ని కత్తిరించడం వస్తువుకి హాని కలిగించడం అవుతుంది గనక, సదరు అదనపు వస్త్రాన్ని పోగు పోగుగా విప్పి పూర్వస్థితికి తేవలసిందిగా సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. కనకయ్య విన్నాడు.

"నేసుడు మా అయ్య నేర్పిండు. విప్పుడు ఇప్పుడు మీరు నేర్పుతున్నరు. కానియ్యున్రి," అన్నాడు.

విప్పడానికి పదకొండు రోజులు పట్టింది. తర్వాత సువర్చల కాళ్లావేళ్లా పడి ఒక సవరణ సంపాదించింది. పొద్దున పిల్లల కోసం జానెడు నేయవచ్చు, మధ్యాహ్నం విప్పేసి ఐదింటికల్లా పదకొండు అంగుళాల లెక్క ఒప్పజెప్పాలి. పొద్దున వచ్చిన బడి పిల్లలు నేత చూసి వెళ్లేవారు. మధ్యాహ్నం వచ్చిన బడివాళ్లు విప్పడమే చూసి వెళ్లేవారు. వాళ్ల టీచరు పిల్లలచేత వ్యాసాలు రాయించి, మ్యూజియానికి కృతజ్ఞతగా పంపింది. ఒక అమ్మాయి "మగ్గం అనగా బట్టను దారముగా మార్చు పరికరం" అని చక్కటి అక్షరాలతో రాసింది. డైరెక్టరు ఆ వ్యాసాన్ని పటం కట్టించి హాల్లో పెట్టించాడు.

అక్కడితో ఆగితే ఆయన పరాంకుశం ఎందుకవుతాడు! 412(అ) అయ్యాక 412(ఆ) మీద పడ్డాడు. నేతగాడు అనే వస్తువు రోజూ సాయంత్రం అనుమతి లేకుండా గేటు దాటి బస్సెక్కుతున్నదని కనిపెట్టి అదిరిపడ్డాడు. మ్యూజియం వస్తువు బయటికి పోవాలంటే పద్ధతొకటుంది. తీసుకునేవాళ్లు ఎరువు పత్రం రాయాలి, తీసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలి. దాంతో కనకయ్య భార్య అండాలు రోజూ సాయంత్రం వచ్చి, తన మొగుణ్ని తాను ఎరువు తీసుకుంటున్నట్టు సంతకం పెట్టి తీసుకుపోవలసి వచ్చింది.

మొదటిరోజు ఆమె చీర కొంగు నడుముకి దోపి డైరెక్టరు గదిలోకే పోయింది.

"సారూ, నలభై రెండేండ్ల కింద మా మామ అందరి ముంగట నా చేతుల వెట్టిండు. ఇప్పుడు నువ్వెవ్వలు నాకు ఎరువిచ్చెటోనివి?"

"అమ్మా, ఆవేశపడకండి. ఈ గడి నింపండి. వస్తువును ఉంచు గది ఉష్ణోగ్రత ఎంత?"

"ఎండకాలం ఉడుకు, చలికాలం సలువ."

"ఎలుకలు, చెదలు గలవా?"

"ఎల్కలున్నయి. గిప్పటిదాంక ఆయనను కొరకలే."

సువర్చల ఆ గడులన్నీ తనే నింపి, దణ్ణం పెట్టి పంపించింది. బయట కనకయ్యతో, "కాకా, నా వల్లనే ఇదంతా. మీరు మానేసి వెళ్లిపోండి, ఎవరేం చేస్తారో నేను చూసుకుంటా," అంది.

"నేను వోతే దొంగతనమైందని నీ మీద రాస్తడట గదా. నరహరి సారు జెప్పిండు. నీ కొలువు వోతది బిడ్డా. నాకేందే, సాయంత్రం ఇల్లు జేరుతున్న గదా," అన్నాడాయన. సువర్చలకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఇల్లు చేరుతున్నాడు గానీ, దారి కనపడటం తగ్గిపోతున్నది. కళ్లలో పొర ముదిరింది. నాడెలో దారం తెగితే అతకడానికి ముక్కుకి ఆనించుకుని వెతుక్కుంటున్నాడు. కంటి డాక్టరు చూసి, వచ్చే బుధవారం ఉచిత శిబిరంలో ఒక కంటికి, ఆ పై వారం రెండోదానికి ఆపరేషను చేస్తానన్నాడు. ఈ శిబిరం దాటితే మళ్లీ ఏడాదికి గాని రాదనీ, అప్పటిదాకా ఆగితే చూపు దక్కుతుందని హామీ ఇవ్వలేననీ చెప్పాడు. అండాలు ఆ చీటీ తెచ్చి సువర్చల చేతిలో పెట్టింది. సువర్చల దాన్ని పట్టుకుని డైరెక్టరు గదికి వెళ్లింది.

డైరెక్టరు ఆ చీటీని రెండుసార్లు చదివాడు.

"దయచేసి కూర్చోండి. వచ్చిన నాటి స్థితి ఏమని రాశారు? మీ దస్తూరీయే. 'కళ్లు రెండు, పొర వస్తున్నవి.' అనగా పొర అనేది వస్తువులో అంతర్భాగం."

"సార్, అది జబ్బు."

"మీ దృష్టిలో జబ్బు. సంరక్షణ శాస్త్రంలో దాన్ని కాలం వేసిన పూత అంటాం. పాత ఇత్తడి చెంబును చింతపండు పెట్టి తోమితే మీరు ఊరుకుంటారా? తళతళలాడుతుంది, నిజమే. దాని ప్రామాణికత ఏం కావాలి?"

"ఆయన గుడ్డివాడైపోతాడు సార్!"

"వస్తువుకి వయసు వస్తుందమ్మా. మనం గౌరవించాలి."

పొమ్మనలేక పొగబెట్టే మాట కూడా కాదది. ఆయన నిజంగానే గౌరవిస్తున్నాడు. అందుకే సువర్చలకి భయం వేసింది. మోసగాడికైతే ఏదో ఒక చోట మొహమాటం ఉంటుంది.

ఆమె నరహరి బల్ల ముందు కూలబడి ఏడ్చింది. ఆయన సోంపు డబ్బా పక్కన పెట్టి, బీరువా పైనుంచి రూళ్ల పుస్తకం దించి, దుమ్ము దులిపి, గంటసేపు తిరగేశాడు. మ్యూజియం వస్తువు శాశ్వతంగా బయటికి పోవడానికి రెండే దారులున్నాయి. ఒకటి, వస్తువు పూర్తిగా ధ్వంసం కావడం. దానిమీద నరహరి వేలు పెట్టి తీసేశాడు. రెండోది, వస్తువు నకిలీదని నిపుణుల సంఘం తేల్చడం.

"రాయమ్మా," అన్నాడు నరహరి. "నేతగాడు అసలుదా నకిలీదా అనుమానం కలుగుతున్నది అని రాయి. నకిలీ అన్న మాట చెవిన పడ్డదంటే ఇంక డైరెక్టరు నిద్రపోడు, రెండు రోజుల్ల సంఘం దిగుతది."

అన్నట్టే సోమవారానికి నిపుణుల సంఘం దిగింది. ఒక ఆచార్యుడు, పట్నంలో చేనేత దుకాణం నడిపే ఒక డిజైనరమ్మ, ఇంకొకాయన. ఆ మూడో ఆయన ఎందుకొచ్చాడో చివరిదాకా ఎవరికీ తెలియలేదు. వాళ్లు అతిథి గదిలో జీడిపప్పు తింటుండగా సువర్చల గుంట పక్కన చతికిలబడింది.

"కాకా, ఒక్క పూట. ఒక్క జానెడు. చెడగొట్టి నేయండి. దారాలు వదిలేయండి, అంచు వంకర పోనీయండి. మీకు నేత రాదని రాసేసి పోతారు. ఎల్లుండి ఆపరేషను చేయించుకోవచ్చు."

కనకయ్య ఏదీ సరిగా ఆనని కళ్లతో ఆమె వైపు చూశాడు.

"చెడగొట్టుమంటే ఎట్ల బిడ్డా?"

"ఎట్లాగైనా. మీ కళ్ల కోసం."

"సరే, చూస్త."

సంఘం వచ్చి కూర్చుంది. కనకయ్య నాడె విసిరాడు. మొదట రెండు పోగులు వదులుగా కొట్టాడు. మూడోదానికి చెయ్యి దానంతటదే బిగించింది. మళ్లీ వదులు చేయబోయాడు, కాలు ముందే తొక్కేసింది. నుదుట చెమట పట్టింది. చేతినీ కాలినీ బతిమాలుతున్నట్టు పెదవులు కదులుతున్నాయి. చివరికి మొదటి రెండు వదులు పోగుల్ని కూడా వేళ్లతో తడిమి, వెనక్కి తీసి, సరిగ్గా కొట్టి కూర్చున్నాడు. అక్కణ్నించి ఇంక ఎవరి మాటా వినలేదు. మగ్గం టకటకమంటూ జానెడు బట్ట దిగింది, చిక్కగా, నీళ్లు పోసినా కిందికి కారనంత చిక్కగా.

అయిపోయిందనుకుంది సువర్చల. అబద్ధమాడటం చేతకాని చేతులు ఆ ముసలాయన కొంప ముంచాయని తిట్టుకుంది.

డిజైనరమ్మ భూతద్దం తీసింది. జానెడు బట్టనీ అటూ ఇటూ చూసింది, మూతి ముడిచింది, సుద్దముక్కతో ఒక చోట గుండ్రంగా గీసి ఆచార్యుడికి చూపించింది. ఆయనా వంగాడు. మూడో ఆయన వాళ్లిద్దర్నీ చూసి తనూ వంగాడు.

"ఒక్క లోపం లేదు," అంది డిజైనరమ్మ బాధగా. "చిన్న చిన్న లోపాలే కదండీ చేనేతకి ఆత్మ! మా దుకాణంలో లోపం లేని చీర నేను లోపలికే రానివ్వను. ఇందులో ఆత్మ ఏదీ?"

"గోడ మీదే స్పష్టంగా రాసి ఉంది," అన్నాడు ఆచార్యుడు. గోడ మీద పిల్లల కోసం పెట్టిన బోర్డు ఉంది. చేనేతను గుర్తించడం ఎలా? చిన్న తప్పులుంటే చేత్తో నేసినది. తప్పులే లేకుంటే యంత్రం నేసినది. అది ఎక్కడో కరపత్రంలో చదివి సువర్చలే రాసింది. పక్కనే మగ్గం మీద కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగకుండా రాసింది.

"కనుక," అన్నాడు ఆచార్యుడు, "సదరు వస్తువు చేనేత కళాకారుడు కాడనియు, యాంత్రిక స్వభావం గలదనియు, నకిలీ అనియు సంఘం ఏకగ్రీవంగా అభిప్రాయపడుతున్నది."

మూడో ఆయన చప్పట్లు కొట్టాడు.

డైరెక్టరు దుఃఖంతో సంతకం పెట్టాడు. నకిలీ వస్తువును సేకరించినందుకు సువర్చలకి ఒక మెమో ఇచ్చాడు. ఆమె దాన్ని పెళ్లిపిలుపులా రెండు చేతులతో అందుకుంది. నరహరి కనకయ్య గుండీకున్న చీటీ విప్పి, రసీదు కాగితం చేతికిచ్చాడు. కనకయ్యకి చదవడానికి కళ్లు ఆనలేదు. చదివి చెప్పమన్నాడు. సువర్చల చదివింది.

"నకిలీ," అన్నాడు కనకయ్య. కాగితం తిరిగి తీసుకోలేదు. "పదేండ్లకు గుంటల దిగిన. యాభై మూడేండ్లాయె. ఎందరో వచ్చిన్రు, పైసలు ఎగవెట్టినోళ్లు వచ్చిన్రు, చీర బాలేదని ఇసిరికొట్టినోళ్లు వచ్చిన్రు. నువ్వు నేసెటి సాలోనివే గాదని ఎవ్వడనలే. గీ మాట ఇననీకె నేనీడికి రావాల్నా?"

అండాలే ముందుకొచ్చి కాగితం లాక్కుంది.

"వాళ్లన్నది వాళ్ల నోటికి. నకిలీ అయితే నకిలీ. నడువు, కండ్లు తెప్పించుకుందాం," అని చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు నడిపించుకుపోయింది. ఆ సాయంత్రం ఎరువు పత్రం మీద సంతకం లేకుండా మొగుణ్ని ఇంటికి తీసుకుపోయింది.

బుధవారం ఒక కన్ను, ఆ తర్వాత వారం రెండోది. సువర్చల ఆస్పత్రికి రెండుసార్లు వెళ్లింది గానీ కనకయ్య ముభావంగానే ఉన్నాడు. మ్యూజియం మాటెత్తితే గోడవైపు తిరిగేవాడు.

నెల దాటాక ఒకరోజు పొద్దున్నే, నల్లద్దాలు పెట్టుకుని, అండాలుతో కలిసి, టికెట్టు కొనుక్కుని మరీ వచ్చాడు. మగ్గం అక్కడే ఉంది, అది అసలుదే కదా. గుంటలో ఆయన కూర్చునే చోట సున్నపు బొమ్మ ఒకటి కూర్చుని ఉంది. దాని మెడలో బంగారు రంగు గొలుసు, చేతిలో తిరగేసి పట్టుకున్న నాడె. మగ్గం మీద సంఘం పరీక్షించిన జానెడు బట్ట, దాని మీద డిజైనరమ్మ సుద్దతో గీసిన సున్నా, సాక్ష్యం కోసం అలాగే ఉంచారు.

కనకయ్య బొమ్మను చూసి నవ్వాడు. తర్వాత అద్దాలు తీసి బట్ట మీదికి వంగాడు. వంగినవాడు లేవలేదు. నవ్వు పోయింది. మొహం ఇంత చిన్నదైపోయింది.

"బిడ్డా, గిటు రా."

సువర్చల వంగి చూసింది. ఏమీ కనపడలేదు. ఆయన వేలు తాకించకుండా చూపించాడు. సుద్ద గీసిన సున్నా మధ్యలో, సరిగ్గా భూతద్దం పెట్టి చూసిన చోట, పేక ఒక పోగు మీదుగా పోవాల్సింది కిందుగా పోయింది. దాని పక్కన ఇంకొకటి.

"కండ్లు మసకలుండె. నాకు తెల్వలే," అన్నాడు కనకయ్య, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. "మా అయ్య ఉంటే వీపు పగలగొడుతుండె. జెర నిలువు, ఒక్క నిమిషంల తీస్త." చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

"ఏయ్ పెద్దమనిషీ, ముట్టొద్దు!" అని తలుపు దగ్గరి కాపలావాడు అరిచాడు.

సువర్చలకి అప్పుడు వెలిగింది. సంతోషంతో ఆయన భుజం పట్టుకుంది.

"కాకా, ఇదే రుజువు! లోపం ఉంది. వాళ్ల కొలత ప్రకారమే మీరు అసలైన నేతగాడు. ఇప్పుడే ఫోటో తీసి సంఘానికి రాస్తా. నకిలీ అన్న మాట కొట్టేయిస్తా. మీ పేరు మీద మచ్చ లేకుండా చేస్తా!"

కనకయ్య మొహం ఒక్క క్షణం వెలిగింది. యాభై మూడేళ్లు అందులో కనిపించాయి. బట్ట వైపు చూశాడు. గుంటలో కూర్చున్న సున్నపు బొమ్మ వైపు చూశాడు. ఆ తర్వాత చుట్టూ చూసి, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"వద్దు బిడ్డా. నీకు పుణ్యముంటది, గీ తప్పు సంగతి ఎవ్వలకు జెప్పకు. తెలిసిందంటే మల్ల నన్ను అసలోణ్ని జేసి గీడ కూసోవెడ్తరు."

నల్లద్దాలు పెట్టుకుని, గోడ మీద బయటికి దారి అని రాసి ఉన్నది తనే చదువుకుని, అండాలుకంటే రెండడుగులు ముందే నడిచాడు.